సన్నబడి మళ్లీ వెడల్పైన పలక: స్కీల రూపపరిణామం

మంచు మీద జారడానికి బూట్లకు బిగించుకునే పలకలను స్కీలు అంటారు. నేడు అంగళ్లలో అమ్మే స్కీల మీద 136-106-126 వంటి మూడు సంఖ్యల వరుస ఒకటి కనిపిస్తుంది. ఇది పలక ముందుభాగం, నడుము, తోక ఎంతెంత వెడల్పున్నాయో మిల్లీమీటర్లలో చెప్పే లెక్క. ఈ మూడింటిలో నడుము కొలతే, అంటే బూటు కింద పలక వెడల్పే, ఆ స్కీ ఏ మంచుకు పనికొస్తుందో ముందుగా తెలియజేస్తుంది. నడుము 65 నుంచి 80 మిల్లీమీటర్ల దాకా ఉన్నవి యంత్రాలతో చదును చేసిన గట్టి బాటలకూ, 85 నుంచి 105 దాకా ఉన్నవి కొండమీది అన్నిరకాల మంచుకూ, 110 దాటినవి కొత్తగా కురిసిన లోతైన పొడిమంచుకూ తగినవని వ్యాపారులు స్థూలంగా విభజిస్తారు. మధ్యరకానికి ఆల్ మౌంటెన్ స్కీలనీ, చివరిరకానికి పౌడర్ స్కీలనీ పేర్లు. ఈ విభజనకు నాలుగు దశాబ్దాల వయసైనా లేదు. అయితే దాని వెనుకనున్న సమస్య, అంటే మెత్తని మంచులో దిగబడకుండా తేలడం, గట్టి మంచు మీద పట్టు తప్పకుండా మలుపు తిరగడం అనే రెండు పరస్పర విరుద్ధమైన అవసరాలను ఒకే పలకతో తీర్చడమనే సమస్య, స్కీ పుట్టినంత పాతది.

రష్యా ఉత్తర ప్రాంతంలోని సిందోర్ సరస్సు దగ్గర, విస్ అనే చోట, తేమనేలలో దొరికిన చెక్కముక్కలు సుమారు 8,000 ఏళ్ల నాటి స్కీలవని పురావస్తు శాస్త్రజ్ఞులు తేల్చారు. వాటిలో ఒకదానికి దుప్పిజాతి మృగపు తల చెక్కి ఉంది. స్వీడన్‌లోని కాల్వ్‌ట్రాస్క్ దగ్గర 1924లో బయటపడిన స్కీ 5,000 ఏళ్లకు పైబడినది. రెండు మీటర్ల పొడవు, సుమారు 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఆ పలక నేటి పౌడర్ స్కీలలో చాలావాటి నడుముకన్నా వెడల్పైనది. చైనా పశ్చిమాన ఆల్తాయ్ పర్వతాలలో వేటగాళ్లు కింద గుర్రపు తోలు అంటించిన వెడల్పైన పలకల మీద, ఒకే ఒక్క పొడవాటి కర్రను ఊతంగా పట్టుకుని ఈనాటికీ జారుతున్నారు. తోలు మీది వెంట్రుకలు వెనక్కి వాలి ఉండడం వల్ల పలక ముందుకు సులువుగా జారుతుంది, ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా మంచును పట్టుకుంటుంది. ఈ తొలి స్కీలన్నీ వెడల్పుగా ఉండడానికి కారణం వేటగాడు నడిచే అడవిలో మంచును తొక్కి గట్టిపరిచేవారు ఎవరూ లేకపోవడమే. దమ్ము చేసిన మడిని చదును చేసే పలక మీద మనిషి నిలబడ్డా అది బురదలో దిగబడనట్టే, మనిషి బరువు ఎంత ఎక్కువ వైశాల్యం మీద పరుచుకుంటే మంచులో అంత తక్కువగా దిగబడతాడు.

నార్వేలోని ఓస్టర్‌డాలెన్ లోయవాసులు ఈ సమస్యను మరోవిధంగా పరిష్కరించుకున్నారు. ఒక కాలికి చాలా పొడవైన, జారే పలకనూ, రెండో కాలికి తోలు తొడిగిన పొట్టి పలకనూ కట్టుకుని, పొట్టిదానితో తన్నుతూ పొడవుదానిమీద జారేవారు. మైదానంలో ఈ జత బాగానే పనిచేసినా, నిటారు వాలులో మలుపు తిరగడానికి పనికిరాలేదు. మలుపు సమస్యకు సమాధానం దక్షిణ నార్వేలోని టెలిమార్క్ కొండల్లో లభించింది. మోర్గెడాల్ గ్రామానికి చెందిన పేద కౌలురైతు సోండ్రె నోర్‌హైమ్, 1825లో పుట్టినవాడు, మడమ పక్కకు జారిపోకుండా సన్నని కొమ్మలను పేని బూటు వెనుకనుంచి చుట్టే కట్టును వాడాడు. నడుము సన్నగా, రెండు చివరలూ వెడల్పుగా ఉండే పలకలకు ప్రచారం తెచ్చాడు. పలకను పక్కకు వాల్చినప్పుడు ఈ నడుము వంపు మంచుకు ఆనుకుని, పలక తనంతట తానే వృత్తఖండంలా తిరుగుతుంది. నేడు సైడ్‌కట్ అనే మాటతో సూచించేది ఈ వంపునే. ఇదే ప్రాంతంలో కుదురుకున్న మరో లక్షణం క్యాంబర్: నేలమీద పెట్టిన పలక నడుము దగ్గర కొద్దిగా పైకి లేచి ఉండడం. మనిషి ఎక్కి నిలబడితే ఆ వంపు అణిగి, బరువు ముందు వెనుకల దాకా సమానంగా సర్దుకుంటుంది. 1868లో నాటి క్రిస్టియానియా, నేటి ఓస్లో, నగరంలో జరిగిన పోటీలో నోర్‌హైమ్ తన నైపుణ్యంతో రాజధానివాసులను ఆశ్చర్యపరిచాడు. 1884లో అమెరికాకు వలసవెళ్లి, 1897లో నార్త్ డకోటాలో మరణించాడు. సైడ్‌కట్, క్యాంబర్ రెండూ నేటికీ స్కీ రూపకల్పనకు ఆధారాలు. తరువాతి చరిత్ర అంతా వీటిని పెంచడమా, తగ్గించడమా, తిరగవేయడమా అనే ప్రయోగాల చరిత్రే.

నార్వే అన్వేషకుడు నాన్సెన్ 1888లో గ్రీన్‌లాండ్‌ను స్కీల మీద దాటి, ఆ యాత్రపై రాసిన పుస్తకం యూరప్ అంతటా చదివినవారిని కదిలించాక, స్కీయింగ్ ఆల్ప్స్ పర్వతాలకు చేరింది. ఆస్ట్రియాలోని లిలియన్‌ఫెల్డ్‌లో మథియాస్ జ్దార్‌స్కీ నిటారు వాలులకు అనువైన పొట్టి పలకలనూ, మడమను అదుపులో ఉంచే లోహపు బైండింగ్‌నూ తయారుచేశాడు. బైండింగ్ అంటే బూటును పలకకు పట్టి ఉంచే అమరిక. అర్ల్‌బర్గ్ ప్రాంతంలోని సాంక్ట్ ఆంటోన్‌లో హాన్నెస్ ష్నైడర్ బోధనను ఒక పద్ధతికి తెచ్చాడు. ఆర్నాల్డ్ లన్ 1922లో స్విట్జర్లాండ్‌లోని మ్యూరెన్‌లో జెండాల మధ్య మలుపులు తిరిగే స్లాలొమ్ పోటీకి ఆధునిక రూపమిచ్చాడు. సాల్జ్‌బర్గ్ వాసి రుడోల్ఫ్ లెట్నర్ 1926లో పేటెంట్ పొందిన ఉక్కు అంచులు చెక్కపలకకు గడ్డకట్టిన మంచును కోసే శక్తినిచ్చాయి. 1936 శీతాకాల ఒలింపిక్స్‌లో కొండవాలు దిగే ఆల్పైన్ పోటీలు తొలిసారి చోటుచేసుకున్నాయి. అదే ఏడాది అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో యూనియన్ పసిఫిక్ రైల్వే నిర్మించిన సన్ వ్యాలీ రిసార్టులో ప్రపంచపు తొలి చైర్‌లిఫ్ట్ నడిచింది. ఓడల్లోకి అరటిగెలలను ఎక్కించే యంత్రాన్ని చూసిన అనుభవంతో ఆ సంస్థ ఇంజనీర్ జేమ్స్ కరన్ గెలల స్థానంలో కుర్చీలు వేలాడదీశాడు.

స్కీ పలక రూపాన్ని ఎక్కువగా మార్చినవి పలకకు సంబంధించిన ఆవిష్కరణలకన్నా ఈ చైర్‌లిఫ్టూ, దాని వెంట వచ్చిన మంచు చదునుచేసే యంత్రాలూనని చెప్పడం సమంజసం. కాలినడకన ఎక్కే రోజుల్లో ఒక మనిషి రోజుకు ఒకటి రెండుసార్లు దిగేవాడు. లిఫ్టు వచ్చాక పది పదిహేనుసార్లు దిగగలిగాడు. వందలమంది ఒకే వాలు మీద మలుపులు తిరిగితే మంచు గుట్టలుగా పేరుకుంటుంది, గుట్టల మధ్య మంచుగడ్డ బయటపడుతుంది. తొలుత రిసార్టు పనివాళ్లు స్కీలు కట్టుకుని పక్కఅడుగులు వేస్తూ వాలును తొక్కి గట్టిపరిచేవారు. కొలరాడోలోని వింటర్ పార్క్‌లో స్టీవ్ బ్రాడ్లీ 1950ల తొలినాళ్లలో, స్కీయర్ వెనుక లాగుకుంటూ వెళ్లే చదునుచక్రాన్ని తయారుచేశాడు. క్రమంగా ఆ పనికి గొలుసుపట్టాల ట్రాక్టర్లు వచ్చాయి. రాత్రంతా నడిచే ఈ యంత్రాలు తెల్లవారేసరికి వాలును సన్నని గీతలతో గట్టి చాపలా పరిచి పెడతాయి. దీన్నే గ్రూమింగ్ అంటారు. అలాంటి మంచు మీద తేలవలసిన అవసరమే లేదు. కావలసింది అంచు పట్టు ఒక్కటే. వెడల్పు పలకను ఒక అంచునుంచి మరో అంచుకు వాల్చడానికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, పందెపు స్కీ సన్నబడింది. పందెంలో గెలిచిన స్కీనే మామూలు జనమూ కొనడం మొదలుపెట్టారు.

హొవార్డ్ హెడ్ కథ ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోవలసినది. బాల్టిమోర్‌లో గ్లెన్ ఎల్. మార్టిన్ విమాన సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన హెడ్, రెండో ప్రపంచయుద్ధం ముగిశాక తొలిసారి స్కీయింగ్‌కు వెళ్లి, తన చేతకానితనానికి బరువైన చెక్కపలకలే కారణమని భావించాడు. విమానాల తయారీలో వాడే కిటుకునే, అంటే తేలికైన గుండె పదార్థానికి ఇరువైపులా పలుచని అల్యూమినియం రేకులు అంటించి తక్కువ బరువుతో ఎక్కువ బిగువు సాధించే పద్ధతినే, స్కీలకు వర్తింపజేశాడు. రేకులనూ చెక్కనూ అంటుతో పేర్చి, రబ్బరు సంచిలో పెట్టి గాలి తీసేసి, కాగే ఇంజన్ నూనె తొట్టిలో ఉడికించేవాడు. తయారైన జతలను న్యూ ఇంగ్లండ్ కొండల్లోని శిక్షకులకు పంపేవాడు. వారు వాటిని విరిచి తిరిగి పంపేవారు. అతడు విరిగినచోట బలం చేర్చి మరో జత పంపేవాడు. మూడు శీతాకాలాల పాటు ఈ క్రమం సాగిన తరువాత, ప్లైవుడ్ గుండె, ప్లాస్టిక్ పైపొర, ఉక్కు అంచులు ఉన్న స్కీ విరగకుండా నిలిచింది. హెడ్ స్టాండర్డ్ పేరుతో 1950లో అమ్మకానికొచ్చిన ఆ స్కీ ఎంత తేలికగా మలుపు తిరిగేదంటే, కష్టపడి నేర్చుకున్న పాతవారు దానిని మోసపు పలక అని పిలిచేవారు. సాధారణ స్కీయర్‌ను దృష్టిలో పెట్టుకుని, అన్నిరకాల మంచుకూ పనికొచ్చేలా రూపొందిన తొలి ఆధునిక స్కీ ఇదేననడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు. ఆల్ మౌంటెన్ అనే మాట అప్పటికి పుట్టకపోయినా, ఆ భావనకు మూలపురుషుడు హెడ్.

1960లో స్క్వా వ్యాలీ ఒలింపిక్స్ డౌన్‌హిల్ పోటీని ఫ్రెంచి క్రీడాకారుడు జాన్ వ్యువార్నె రొసిన్యోల్ సంస్థ లోహపు స్కీలమీద గెలవడంతో పందెం నుంచి చెక్కపలక నిష్క్రమణ మొదలైంది. అదే దశాబ్దంలో ఫైబర్‌గ్లాస్ వచ్చి స్థిరపడింది. 1980ల నాటికి సగటు మగవాడు 200 సెంటీమీటర్లకు పైబడి పొడవూ, 65 మిల్లీమీటర్ల పరిసరాల్లో నడుమూ ఉన్న స్కీ వాడడం మామూలైంది.

ఇలాంటి స్కీతో లోతైన పొడిమంచులోకి దిగినవాడి పరిస్థితి వేరు. గ్రేట్ సాల్ట్ లేక్‌కు తూర్పున ఉన్న వాసాచ్ కొండల్లో, యూటా రాష్ట్రంలోని ఆల్టా రిసార్టులో ఏటా సగటున 12 మీటర్లకు పైగా మంచు కురుస్తుంది. అందులో నీటి శాతం చాలా తక్కువ కావడంతో అది పిండిలా తేలికగా, మోకాలి లోతుగా పరుచుకుంటుంది. 1930ల చివర ఆల్టా ప్రారంభమైన నాటినుంచి అక్కడి స్కీయర్లు ఈ మంచుకంటూ ప్రత్యేక పద్ధతిని అలవరచుకున్నారు: రెండు కాళ్లనూ ఒక్కటిగా దగ్గర చేర్చి రెండు పలకలనూ ఒకే పలకలా వాడడం, లయబద్ధంగా ఎగిరి దిగుతూ పలక మంచులోంచి పైకి లేచిన క్షణంలోనే దిశ మార్చడం. చూడడానికి ఎంతో అందమైన ఈ పద్ధతి పట్టుబడడానికి ఏళ్లు పట్టేది. కొత్తవాడు ముందుభాగం మంచులోకి దిగబడి బోర్లా పడేవాడు, ఊడిన స్కీని మంచులో తవ్వి వెతుక్కునేవాడు. ఆస్ట్రియా నుంచి కెనడాకు వలసవచ్చిన పర్వతారోహకుడు హాన్స్ గ్మోసర్ 1965లో బ్రిటిష్ కొలంబియాలోని బుగాబూ పర్వతాల్లో హెలికాప్టర్‌తో స్కీయర్లను శిఖరాలకు చేర్చే వ్యాపారం ప్రారంభించినప్పుడు ఈ చిక్కు వ్యాపార సమస్యగా మారింది. పెద్ద మొత్తం చెల్లించి వచ్చిన అతిథికి కొండ, మంచు, హెలికాప్టర్ అన్నీ అందుతాయి. తొడల్లో శక్తి మాత్రం మధ్యాహ్నానికే ఉడిగిపోతుంది. ఒకరు అలసి ఆగితే జట్టంతా ఆగవలసిందే.

వెడల్పు పలక తిరిగి రావడానికి ఈ ఆర్థిక కారణం ఒకటైతే, స్నోబోర్డు మరో కారణం. రెండు కాళ్లూ ఒకే వెడల్పాటి బోర్డు మీద అడ్డంగా నిలిపి జారే స్నోబోర్డర్లు 1980లలో రిసార్టుల్లోకి అడుగుపెట్టి, ఏళ్ల సాధన లేకుండానే పొడిమంచులో హాయిగా తేలుతూ పోవడం స్కీ తయారీదారుల కళ్లు తెరిపించింది. ఆస్ట్రియాకు చెందిన అటామిక్ సంస్థలో ఇంజనీరైన రూపర్ట్ హూబర్ 1980ల చివర, స్నోబోర్డు వెడల్పును రెండుగా పంచినట్టుండే పౌడర్ ప్లస్ అనే స్కీని రూపొందించాడు. దాని నడుము నాటి మామూలు స్కీ నడుముకు ఒకటిన్నర రెట్లకు పైగా ఉండేది. వాడినవారు లావుపిల్లాడు అనే అర్థంలో దానికి ఫ్యాట్ బాయ్ అని పేరుపెట్టారు. కెనడాలోని బ్లూ రివర్‌లో మైక్ వీగెలే నడిపిన హెలికాప్టర్ స్కీయింగ్ కేంద్రం వంటివి వాటిని తమ అతిథుల చేతికిచ్చాయి. మధ్యవయసు దాటిన, నైపుణ్యం అంతంతమాత్రమైన అతిథులు రోజంతా జారగలిగారు. నిపుణులు మాత్రం ముసలివాళ్ల స్కీలని వాటిని చాలాకాలం దగ్గరకు రానివ్వలేదు.

అదే సమయంలో గట్టి మంచు వైపు జరిగిన మార్పు స్లొవేనియాలో మొదలైంది. ఎలాన్ సంస్థ ఇంజనీర్లు యూరీ ఫ్రాంకో, పావెల్ ష్కోఫిచ్ నోర్‌హైమ్ నాటి నడుము వంపును అనూహ్యంగా లోతుచేసి, 1993లో ఎస్.సి.ఎక్స్. అనే స్కీని తెచ్చారు. అంతకుముందు వంపు ఏడెనిమిది మిల్లీమీటర్లకు మించేది కాదు. దీనికి ఇరవై దాటింది. ఫలితంగా స్కీ అంచుమీద వాలినప్పుడు గీసే వృత్తపు వ్యాసార్ధం సుమారు 15 మీటర్లకు తగ్గి, పక్కకు జారకుండా అంచు గీతమీదే మలుపు తిరగడం సామాన్యుడికీ సాధ్యమైంది. పదేళ్లు తిరక్కుండానే పొడవాటి తిన్నని పలకలు అంగళ్లనుంచి దాదాపు మాయమయ్యాయి.

ఈ సైడ్‌కట్ విజయం ఉచ్చస్థితిలో ఉండగా, షేన్ మెకాంకీ అనే స్కీయర్ దానికి పూర్తిగా ఎదురు ఆలోచన చేశాడు. 1969లో పుట్టిన ఇతడు, పొడిమంచు స్కీయింగ్‌కు ఆద్యుల్లో ఒకడైన జిమ్ మెకాంకీ కుమారుడు. కాలిఫోర్నియాలోని స్క్వా వ్యాలీ ఇతని నివాసం. పొడిమంచు నీటిలా ప్రవహించే పదార్థమనీ, కాబట్టి నమూనాగా తీసుకోవలసింది మంచుపలకను కాదు, నీటి మీద జారే పలకననీ ఇతని వాదం. నీటిపలకకు నడుము సన్నగా ఉండదు, మధ్యభాగం వెడల్పుగా ఉంటుంది. అడుగు పైకి ఉబికి ఉండదు, రెండు చివరలూ పైకి లేచి ఉంటాయి. 1996లో అర్జెంటీనాలోని ఒక బార్‌లో కాగితపు రుమాలు మీద ఇతడు ఈ ఆకారాన్ని గీశాడు. ఎవరూ నమ్మకపోవడంతో, అలాస్కాలో వాటర్ స్కీలకే స్కీ బైండింగులు బిగించి నిటారు కొండ దిగి చూపించాడు. స్టెయిన్‌లెస్ స్టీలు పైకప్పుతో స్కీలు చేసే వొలాంట్ అనే కొలరాడో సంస్థ చివరకు ఒప్పుకుని, 2002లో స్పాట్యులా పేరుతో ఆ ఆకారాన్ని తయారుచేసింది. నడుము 125 మిల్లీమీటర్లు. ముందూ వెనుకా అంతకన్నా సన్నం. సైడ్‌కట్, క్యాంబర్ రెండూ తిరగబడ్డాయి. అప్పటిదాకా నేర్చుకున్న అంచుమలుపులను మరిచిపోయి, పలకను పక్కకు జారనిస్తూ వేగాన్ని అదుపుచేయమని చెప్పే సూచనలను మెకాంకీ స్వయంగా రాసి కొన్నవారికి అందజేశాడు. గట్టి మంచు మీద ఆ స్కీ దాదాపు పనికిరానిదని దాచకుండా చెప్పినవాడూ ఇతడే. 2009 మార్చి 26న ఇటలీలోని డోలొమైట్ పర్వతాల్లో, శిఖరం నుంచి స్కీలతో దూకి పారాషూట్‌తో దిగే విన్యాసంలో, స్కీ సకాలంలో ఊడకపోవడంతో ఇతడు మరణించాడు.

స్పాట్యులా ఎక్కువ సంఖ్యలో అమ్ముడుపోలేదు. అయినా, స్కీ చివరలు క్యాంబర్‌కు వ్యతిరేకంగా ముందునుంచే పైకి వంగి ఉండే ఆ లక్షణం, అంటే రాకర్, పదేళ్లలో అన్ని సంస్థల స్కీలలోకీ ప్రవేశించింది. నేటి ఆల్ మౌంటెన్ స్కీని నిలబెట్టినది మెకాంకీ ఆలోచనా కాదు, ఫ్రాంకో ఆలోచనా కాదు, వాటి మధ్య కుదిరిన రాజీ: ముందుభాగంలో, కొన్నిటికి తోకలోనూ రాకర్, బూటు కింద మాత్రం నోర్‌హైమ్ కాలపు క్యాంబర్, పక్కన మితమైన సైడ్‌కట్. 2000ల తొలినాళ్లలో 90 మిల్లీమీటర్ల నడుముతో వచ్చిన సాలొమన్ పాకెట్ రాకెట్ పొడిమంచుకు ఉద్దేశించిన వెడల్పు స్కీగా పేరుపొందింది. నేడు అదే నడుము ఉన్న స్కీని చదునుబాటలకూ సరిపోయేదిగా అమ్ముతున్నారు. వ్యాసారంభంలో చెప్పిన 136-106-126 కొలతలు 2013 ప్రాంతంలో ఎంతో ఆదరణ పొందిన రొసిన్యోల్ సోల్ 7 స్కీవి. వెడల్పు పెరుగుదల ఆ తరువాత మందగించింది. రోజూ వాడే స్కీకి 115 అవసరం లేదని కొన్నవారు తమ మోకాళ్ల ద్వారా గ్రహించారు. వెడల్పు స్కీని గట్టి మంచు మీద అంచుపై నిలిపినప్పుడు ఆ అంచు బూటు మధ్యరేఖకు దూరంగా పడుతుంది. ఆ దూరం ఎంత పెరిగితే పలకను వాల్చి ఉంచే భారం చీలమండ మీదా, మోకాలి మీదా అంత పెరుగుతుంది.

స్కీని ఎంచుకునేవారికి ఈ చరిత్ర చెప్పే మాట స్పష్టమైనది: వెడల్పును నిర్ణయించవలసింది స్కీయర్ ఆశ కాదు, అతడు ఎక్కువ గంటలు గడిపే మంచు. రిసార్టులో మంచు కురిసిన ఉదయం పొడిమంచు తాజాగా ఉండేది తొలి రెండు మూడు గంటలే. తరువాత అది జనం తొక్కిడికి ముద్దలుగా చెదిరిపోతుంది, మధ్యాహ్నానికి అందరూ గ్రూమింగ్ చేసిన బాటలకే చేరతారు. చెదిరిన మంచులో స్కీ ఎగిరిపడకుండా ఉండాలంటే వెడల్పుకన్నా బరువూ బిగువూ ముఖ్యం. అందుకే చాలా సంస్థలు ఈ రకం స్కీల చెక్కగుండెకు టైటనాల్ అనే అల్యూమినియం మిశ్రమలోహపు రేకులు జతచేస్తాయి. ఇది హెడ్ పద్ధతే. కశ్మీర్‌లోని గుల్మార్గ్ పరిస్థితి దీనికి భిన్నం: 2005లో గొండోలా అనే తీగమార్గం రెండో దశ అఫర్వాట్ కొండ భుజం దాకా చేరాక, యంత్రం తాకని విశాలమైన వాలులు అందుబాటులోకి వచ్చాయి, అక్కడ 105 పైబడిన స్కీ వృథా కాదు.

ఉద్యోగరీత్యా సియాటిల్, డెన్వర్, శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కాస్కేడ్, రాకీ, సియెర్రా పర్వతాల రిసార్టులు కొన్ని గంటల దూరంలోనే ఉన్నాయి. మొదటి ఏడాది అద్దె స్కీలతో నేర్చుకుని, రెండో ఏడాది సొంత జత కొనదలచినవారికి అంగట్లోని వెడల్పుల వరుస తికమక కలిగించడం సహజం. సముద్రానికి దగ్గరైన కాస్కేడ్, సియెర్రా కొండల్లో మంచు తేమతో బరువుగా కురుస్తుంది, రాకీ పర్వతాల్లో పొడిగా కురుస్తుంది; రెండుచోట్లా ఒకే జత కొనుక్కునేవారికి 88 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య నడుము, ముందుభాగంలో కొద్దిపాటి రాకర్, నిలబెడితే గడ్డానికీ నుదుటికీ మధ్యకు వచ్చే పొడవు ఉన్న ఆల్ మౌంటెన్ స్కీ సరిపోతుంది. పౌడర్ స్కీలను ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే భారీ హిమపాతం నాడు అద్దెకు తీసుకోవడమే మేలు.